రెండు గీతల చేప

సముద్రం జాడలేని పాకాల నుంచి రోమ్ నగరం నేల కింద దాకా... ఓ చిన్న గుర్తు వెంట ప్రయాణం.

పాకాల జంక్షన్ దగ్గర రైలు పట్టాలు మూడు దారులవుతాయి. ఒకటి చంద్రగిరి మీదుగా తిరుపతికి. రెండోది పూతలపట్టు, చిత్తూరు మీదుగా కాట్పాడికి. మూడోది పీలేరు, మదనపల్లె రోడ్, కదిరి మీదుగా ధర్మవరానికి. మీటర్‌గేజి రోజుల నుంచీ రాయలసీమలో చాలామందికి పాకాల అంటే బండి మారే ఊరు. గుండు చేయించుకుని చందనం పూసుకున్న కొండ యాత్రికులు, ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని వేలూరు ఆసుపత్రికి బయల్దేరినవాళ్లు, మామిడికాయల బేరానికి దామలచెరువు వచ్చిపోయే వ్యాపారులు... అందరూ ఒకే బెంచీ మీద సర్దుకు కూర్చునే చోటు.

ఎవరు ఎటు వెళ్తున్నారో అడగక్కర్లేదు, గుర్తులే చెప్పేస్తాయి. ఒకరి నుదుట నామం, ఒకరి మెడలో సిలువ, ఒకరి నెత్తిన టోపీ. స్టేషన్ బయట ఆటోల అద్దాల మీదా అంతే. ఏడుకొండలు, నెలవంక, సిలువ... వాటి మధ్య ఎప్పుడో ఓసారి ఇంకో బొమ్మ కూడా కనిపిస్తుంది. రెండే రెండు వంపు గీతలు. ముందు కలిసి, తోక దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటాయి. కన్ను లేదు, పొలుసు లేదు. అయినా చూడగానే చేప అని తెలిసిపోతుంది. క్రైస్తవుల ఇళ్లలో పిల్లల్ని అడిగితే 'అది యేసయ్య గుర్తు' అని టక్కున చెబుతారు. చేపే ఎందుకైంది అంటే మాత్రం పెద్దవాళ్లు కూడా కాస్త తడుముకుంటారు.

సిలువ ఇంకా గోడలకెక్కని రోజుల్లోనే క్రైస్తవులు గీసుకున్న గుర్తు ఇది. వయసు సుమారు 1800 ఏళ్లు. దాని కథ తెలుసుకోవాలంటే రోమ్‌కీ గలిలయకీ వెళ్లాలి. అయితే మొదటి మజిలీ మాత్రం పాకాల చుట్టుపక్కల చెరువుల గట్టు మీదే!

చెరువు చేప... గలిలయ చేప

ఈ సీమలో చేప అంటే చెరువు చేపే. వానలకు చెరువులు నిండి, ఎండాకాలానికి నీళ్లు అడుగంటే వేళకు వలలు దిగుతాయి. కొరమీను దొరికితే పండగ. బొచ్చె, రోహు దొరికితే సంతోషం. ఏదీ దొరక్కపోయినా జిలేబీ చేప మాత్రం దొరికి తీరుతుంది. చిన్నది, ముళ్లు ఎక్కువ, ధర తక్కువ. పేరుకు జిలేబీ గానీ తీపికీ దానికీ సంబంధం లేదు. 'తిలాపియా' అనే ఆఫ్రికా చేపకు మనవాళ్లు పెట్టుకున్న పేరది. 1952లో మన దేశానికి తెచ్చి వదిలితే చెరువుల్ని సొంతం చేసుకుంది.

ఆ జిలేబీ చేపకు దగ్గరి చుట్టం ఒకటి ఇజ్రాయెల్‌లోని గలిలయ సరస్సులో ఉంది. అరబ్బులు దాన్ని 'ముష్త్' అంటారు. యాత్రికులకు వడ్డించే హోటళ్లలో మాత్రం దాని పేరు 'పేతురు చేప'. యేసు శిష్యుల్లో ముఖ్యుడైన పేతురు ఆ సరస్సులో వల వేసుకుని బతికిన జాలరి కదా! గలిలయ సముద్రం అని పేరేగానీ అది మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే బాగా పెద్ద చెరువు.

సువార్తల నిండా ఆ నీళ్ల వాసనే. శిష్యుల్లో కొందరు జాలరులు. రాత్రంతా వల వేసినా చేప పడని రోజు ఒకటి, వల చినిగేంతగా పడిన రోజు ఒకటి. అన్నిటికంటే ఎక్కువమందికి తెలిసింది ఐదు రొట్టెలు, రెండు చేపల కథ. అయిదు వేల మంది పురుషులు ఆకలితో కూర్చుని ఉంటే ఒక పిల్లాడి దగ్గర ఉన్న కాస్త తిండే అందరికీ సరిపోయిందని సువార్తలు చెబుతాయి. ఇందులో రాయలసీమవాళ్లకు బాగా అర్థమయ్యే వివరం ఒకటుంది. యోహాను సువార్త ఆ రొట్టెలు యవలవి అంటుంది. గోధుమ కొనలేని పేదల ధాన్యం అది. ఆ చేపలకు గ్రీకు మూలంలో వాడిన మాట 'ఒప్సారియోన్'. అంటే రొట్టెతో పాటు నంజుకునేది అని. మన సంగటి ముద్దలోకి చేపల పులుసు ఎలాగో, వాళ్ల యవల రొట్టెలోకి ఆ చేప అలాగ. విందు భోజనం కాదు... పేదింటి పిల్లాడి సద్దిమూట!

చేప గుర్తు వెనక మొదట ఉన్నది ఈ సద్దిమూటే. తర్వాత దానికి అక్షరాలు తోడయ్యాయి.

ఐదక్షరాల గుట్టు

ఎన్టీఆర్ అంటే చాలు, తెలుగువాళ్లకు ఒక నిండు మనిషి కళ్లముందు నిలబడతాడు. మూడక్షరాల వెనక మూడు పదాలున్నాయని గుర్తు చేయాల్సిన పనే లేదు. తొలినాటి క్రైస్తవులు చేసిందీ అలాంటి పనే. వాళ్లలో చాలామంది భాష గ్రీకు. గ్రీకులో చేపను 'ఇఖ్తుస్' అంటారు. రాస్తే ఐదే అక్షరాలు... ఇయోటా, ఖీ, థీటా, ఉప్సిలాన్, సిగ్మా. ఒక్కో అక్షరం ఒక్కో పదానికి మొదలు. ఇయేసూస్ అంటే యేసు, ఖ్రిస్తోస్ అంటే క్రీస్తు, థెఊ అంటే దేవుని, హుయియోస్ అంటే కుమారుడు, సోతేర్ అంటే రక్షకుడు. మొత్తం కలిపితే 'యేసు క్రీస్తు, దేవుని కుమారుడు, రక్షకుడు'. ఒక మతం విశ్వాసమంతా ఒక చేప పేరులో ఇమిడిపోయింది.

పద్యపాదాల మొదటి అక్షరాల్లో పేరు దాచి, చదివేవాళ్లు కనిపెడితే మురిసిపోవడం మన చిత్రకవిత్వంలోనూ ఉన్నదే. గ్రీకులూ అందులో తక్కువేం కాదు. ఈ మాటల మొదటి అక్షరాలతో పాదాలు కట్టిన ఒక గ్రీకు కవిత గురించి అగస్టీన్ అయిదో శతాబ్దంలో 'దైవ నగరం' అనే గ్రంథంలో ప్రస్తావించాడు. ఐదు అక్షరాలు కలిస్తే చేప అవుతుందనీ, లోతు నీళ్లలో చేప బతికినట్టు మరణమనే అగాధంలోనూ పాపం అంటకుండా బతికినవాడికి ఆ పేరు తగిందనీ వివరించాడు. అంతకు 200 ఏళ్ల ముందు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో తెర్తుల్లియన్ అనే రచయిత ఇంకో అర్థం చెప్పాడు. బాప్తిస్మం నీళ్లలో కదా... కాబట్టి క్రీస్తు పెద్ద చేప అయితే, నీళ్లలో పుట్టిన విశ్వాసులు చిన్న చేపలట! నీళ్లు విడిచి బయటకు వస్తే బతకలేరన్నది ఆయన భావం.

అక్షరాల లెక్క చూసి చేపను ఎంచుకున్నారా, చేప మీద ఇష్టంతో అక్షరాల లెక్క కట్టారా... పండితులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. క్రీ.శ. 200 నాటికి మాత్రం ఆ గుర్తు వాడుకలో ఉంది. అలెగ్జాండ్రియా నగరంలోని గురువు క్లెమెంట్ ఆ రోజుల్లోనే తన వాళ్లకు ముద్ర ఉంగరాల గురించి ఒక సలహా ఇచ్చాడు. ఉంగరం మీద పావురం, చేప, ఓడ, వీణలాంటి లైర్ వాద్యం, లంగరు చెక్కించుకోవచ్చు. కత్తీ విల్లూ వద్దు, శాంతి కోరేవాళ్లకు అవెందుకు? తాగుడు పాత్రలూ వద్దు, మితంగా బతికేవాళ్లకు అవెందుకు? ఇదీ ఆయన వాదన. అప్పట్లో ఉంగరమంటే నగ మాత్రమే కాదు, సంతకం కూడా. ఉత్తరానికి మైనం పూసి ఆ ఉంగరంతోనే ముద్ర వేసేవారు. కత్తికి బదులు చేపతో సంతకం చేయమన్నాడన్నమాట.

రోమ్ నేల కింద

రోమ్ నగరం నుంచి దక్షిణంగా బయల్దేరే ఆపియా రహదారి రెండు వేల ఏళ్లకు పైబడినది. ఆ దారి పక్కన సెయింట్ కాలిస్టస్ పేరుతో ఉన్న కాటకోంబ్‌లోకి మెట్లు దిగితే పైన ఎండ మాయమై చల్లటి చీకటి మొదలవుతుంది. మనిషి పట్టేంత సందులు అంతస్తుల మీద అంతస్తులుగా సుమారు 20 కిలోమీటర్ల మేర సాగుతాయి. రెండు వైపులా గోడల్లో గూళ్లు. మన ఇళ్లలో దీపం పెట్టుకునే గూడును మనిషి పొడవుకు సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. ఒక్కో గూట్లో ఒకరిని పడుకోబెట్టి, పలకతో మూసి, పైన పేరు చెక్కేవారు. అక్కడి రాయి తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడే రకం కావడంతో ఇంత పని సాధ్యమైంది.

కాటకోంబ్‌లంటే క్రైస్తవులు దాక్కున్న రహస్య స్థావరాలని సినిమాలు చెబుతాయి. నిజానికి అవి శ్మశానాలు. రోమన్ అధికారులకు తెలిసినవే. శవాన్ని దహనం చేసే అలవాటు ఎక్కువగా ఉన్న ఊళ్లో పూడ్చిపెట్టుకోవడానికి చోటు కావాల్సి వచ్చి నేల కిందికి తవ్వుకున్నారు. కాలిస్టస్‌లో 16 మంది పోప్‌లు, ఎందరో హతసాక్షులు, లెక్కలేనంతమంది మామూలు మనుషులు పక్కపక్కనే నిద్రపోయారు.

అక్కడే లూచీనా గదులు అనే భాగంలో గోడ మీద ఒక బొమ్మ ఉంది. మూడో శతాబ్దం తొలినాళ్లది. ఒక చేప, దాని ముందు రొట్టెలతో నిండిన బుట్ట. అలాంటివే రెండు, ఎదురెదురుగా. బుట్ట అల్లికలోంచి ఎర్రగా కనబడేది ద్రాక్షారసపు గాజు పాత్ర అని చెబుతారు. గలిలయ గట్టు మీద పంచిన భోజనమూ, చర్చిలో రొట్టె ద్రాక్షారసాలతో జరిగే ప్రభు భోజన సంస్కారమూ ఆ ఒక్క బొమ్మలో కలిసిపోయాయి. రాజూ లేడు, సింహాసనమూ లేదు. ఉన్నది తిండి!

రోమ్‌లోనే ఇంకో రాయి ఉంది. లిసినియా అమియాస్ అనే ఆమె సమాధి ఫలకం. ఇదీ మూడో శతాబ్దం తొలినాటిదే. పైన పూలదండ, దాని పక్కన లాటిన్‌లో రెండక్షరాలు. పితృదేవతలకు అంకితం అని రోమన్లు ప్రతి సమాధి మీదా చెక్కే పాత ఆచారం అది. దాని కింద గ్రీకులో 'సజీవుల చేప' అనే మాట. ఆ కింద ఒక లంగరు, అటూ ఇటూ రెండు చేపలు. తాతల నాటి పద్ధతిని వదులుకోలేదు, కొత్త నమ్మకాన్ని దాచుకోనూ లేదు. రెండూ ఒకే రాయి మీద సర్దుకున్నాయి. కొత్త మతంలోకి వెళ్లాక కూడా గడపకు పసుపు రాసే ఇళ్లను చూసినవాళ్లకు ఈ రాయి వింతగా తోచదు.

ఇప్పుడా ఫలకం ఉన్న చోటు మరీ విచిత్రం. రోమ్ జాతీయ మ్యూజియంలో భాగమైన డయోక్లీషియన్ స్నానశాలల్లో దాన్ని భద్రపరిచారు. క్రీ.శ. 303లో క్రైస్తవుల మీద అన్నిటికంటే పెద్ద వేటకు ఆజ్ఞ ఇచ్చిన చక్రవర్తి ఆ డయోక్లీషియనే!

సగం గీత కథ

చేప గుర్తు గురించి ఎక్కువమంది చెప్పుకునే కథ ఒకటుంది. ఇద్దరు అపరిచితులు దారిలో ఎదురవుతారు. ఒకడు మాటల మధ్య కాలితో మట్టిలో ఒక వంపు గీత గీస్తాడు. ఎదుటివాడు క్రైస్తవుడైతే దాని కింద రెండో గీత గీసి చేపను పూర్తిచేస్తాడు. కాకపోతే అది ఉత్త గీతగానే మిగిలిపోతుంది. ఆదివారం బడి పిల్లలకు ఎంతో ఇష్టమైన కథ. చిక్కేమిటంటే ఆ కాలం నాటి రాతల్లో ఎక్కడా ఇది కనబడదు. తర్వాతివాళ్ల ఊహ అయి ఉండాలి.

కథ కల్పితమైనా దాని వెనక భయం కల్పితం కాదు. మొదటి మూడు శతాబ్దాలూ రోజూ వేటే అనుకోవడం పొరపాటు. చాలా ఏళ్లు ప్రశాంతంగా గడిచేవి. ఉన్నట్టుండి ఒక ఆజ్ఞ వచ్చేది. క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి, ప్రజలంతా దేవతలకు బలి ఇచ్చి ధ్రువపత్రం తెచ్చుకోవాలన్నాడు. అలాంటప్పుడు ఎవరు మనవాళ్లో, ఎవరింటి తలుపు తట్టొచ్చో తెలియడం ప్రాణావసరం.

మరి సిలువ ఎందుకు వాడలేదు? అప్పటికి అది ఇంకా శిక్ష. బానిసల్నీ తిరుగుబాటుదార్లనీ రోడ్డు పక్కన వేలాడదీసే కొయ్య. సిలువ మీద చనిపోయిన మనిషిని దేవుడంటారా అని ఎగతాళి చేసే బొమ్మ ఒకటి రోమ్‌లోని పాలటైన్ కొండ మీద పాత గోడ గీతల్లో దొరికింది. ఇప్పుడు మనం ఉరితాడును లాకెట్‌గా వేసుకోగలమా? వాళ్లకూ అంతే. చేపకు ఆ గొడవ లేదు. ఎవరింట్లోనైనా ఉండేదే. చూసినవాళ్లకు చేప, తెలిసినవాళ్లకు దేవుడు.

ఎక్కడికెళ్లినా భోజనం

చేప ఆనవాలుగా మాత్రమే మిగిలిపోలేదనడానికి ఒక యాత్రికుడు సాక్ష్యం. పేరు అబెర్కియస్. ఇప్పటి టర్కీలోని ఫ్రిజియా ప్రాంతంలో హియెరోపోలిస్ అనే చిన్న ఊరికి బిషప్పు. రెండో శతాబ్దం చివరివాడు. 72 ఏళ్ల వయసులో, బతికుండగానే తన సమాధి రాయి చెక్కించుకున్నాడు. దాని మీద రాయించింది తన బిరుదులు కాదు, చేసిన ప్రయాణాలు. రోమ్ చూశాడు. సిరియా తిరిగాడు. యూఫ్రటిస్ నది దాటి నిసిబిస్ దాకా వెళ్లాడు. వెళ్లిన ప్రతిచోటా విశ్వాసమే తనకు దారి చూపిందనీ, ఊటనీటి చేపను భోజనంగా పెట్టిందనీ, దాంతోపాటు రొట్టె, మంచి ద్రాక్షారసం అందాయనీ పొడుపుకథలాగా చెక్కించాడు. అర్థం చేసుకోగలిగినవాళ్లు తన కోసం ప్రార్థించాలని కోరుకున్నాడు.

1883లో విలియం రామ్సే అనే స్కాట్లాండ్ పరిశోధకుడికి ఆ రాతి ముక్కలు ఒక స్నానాల గది గోడలో కనిపించాయి. ఇప్పుడవి వాటికన్ మ్యూజియంలో ఉన్నాయి. వేల మైళ్లు, తెలియని భాషలు, తెలియని ఊళ్లు... అయినా ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టారన్నదే ఆ ముసలాయన జీవితసారం. దూరప్రయాణాలు చేసినవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది.

2005లో ఇజ్రాయెల్‌లోని మెగిద్దో జైలు ఆవరణలో తవ్వుతుంటే మూడో శతాబ్దపు ప్రార్థన గది నేల బయటపడింది. తవ్వినవాళ్లలో ఆ జైలు ఖైదీలూ ఉన్నారు. చిన్న చిన్న రంగురాళ్లు పేర్చి చేసిన ఆ నేల మధ్యలో గుండ్రటి చట్రం, అందులో రెండు చేపలు. పక్కనే రాతలు. గయానస్ అనే రోమన్ సైనికాధికారి తన సొంత డబ్బుతో ఆ నేల వేయించాడు. అకెప్తూస్ అనే స్త్రీ, దేవుడైన యేసుక్రీస్తు జ్ఞాపకార్థం అక్కడికి ఒక బల్ల ఇచ్చింది. చేపల పక్కన భోజనపు బల్ల! ఇక్కడా సంగతి మళ్లీ పంక్తి దగ్గరికే వచ్చింది.

సిలువ వచ్చాక

క్రీ.శ. 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో క్రైస్తవులకు స్వేచ్ఛ దొరికింది. సిలువ శిక్ష రద్దయింది. మెల్లగా సిలువ ఆలయాల మీదికీ కిరీటాల మీదికీ సైన్యాల జెండాల మీదికీ ఎక్కింది. చేప అవసరం తగ్గింది. గలిలయ సరస్సు ఒడ్డున తబ్గా చర్చిలో అయిదో శతాబ్దపు నేల మీద రెండు చేపల మధ్య రొట్టెల బుట్ట ఇప్పటికీ ఉంది. బుట్టలో నాలుగే రొట్టెలుంటాయి. అయిదోది ఏదని అడిగితే, పైన పూజాబల్ల మీద ఉంది కదా అంటారు అక్కడి గైడ్లు.

శతాబ్దాల తర్వాత, 1970ల్లో అమెరికాలో యువ క్రైస్తవులు చేపను మళ్లీ బయటకు తీశారు. టీషర్టుల మీద, కార్ల మీద అంటించారు. అక్కణ్నుంచి స్టిక్కర్ల రూపంలో ప్రపంచమంతా తిరిగి మన ఆటోల దాకా వచ్చింది. తేడా ఒక్కటే. ఒకప్పుడు తెలిసినవాళ్లను కలుపుకోవడానికి గీసుకున్నది, ఇప్పుడు అందరికీ కనబడాలని అంటించుకునేదైంది. 

మన మత్స్యం

చేపలో దేవుణ్ని చూడటం తిరుపతి ప్రాంతానికి కొత్త కాదు. తిరుపతి నుంచి పుత్తూరు, నారాయణవనం మీదుగా సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే నాగలాపురం. అక్కడ వేదనారాయణస్వామి మత్స్యావతారంలో ఉంటాడు. సోమకాసురుడు వేదాలను ఎత్తుకుపోయి సముద్రంలో దాస్తే, చేపయి వెళ్లి తెచ్చిన స్వామి అని స్థలపురాణం. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాదేవి పేరు మీద ఈ ఊరిని తీర్చిదిద్దాడని చెబుతారు. ఏటా మార్చిలో సాయంత్రపు సూర్యకిరణాలు గర్భగుడిలోకి వచ్చి మూడు రోజుల్లో స్వామి పాదాల నుంచి కిరీటం దాకా తాకుతాయి. ఆ సూర్యపూజ చూడ్డానికి జనం తరలివస్తారు.

దక్షిణాదిన పాండ్య రాజుల నాణేల మీద చేప, జెండా మీద చేప. మధుర అమ్మవారు మీనాక్షి. ద్రౌపదిని గెలవడానికి అర్జునుడు కొట్టింది మత్స్యయంత్రం. ఇవేవీ రోమ్ చేపకు మూలం కావు, రోమ్ చేప వీటికి మూలమూ కాదు. ఎవరి కథ వాళ్లదే. ఒక్క పోలిక మాత్రం ఉంది. ముంచేసే నీళ్లలోనూ మునగకుండా బతికేది చేప. ప్రళయాన్ని తలచుకున్నవాళ్లకూ మరణాన్ని తలచుకున్నవాళ్లకూ ధైర్యం చెప్పడానికి అదే దొరికింది.

ఒకే పంక్తి

ఈ సీమకు క్రైస్తవ మిషన్లు వచ్చింది రైలుకంటే ముందే. 1853లో అమెరికా నుంచి వచ్చిన స్కడ్డర్ సోదరులు ఆర్కాట్ మిషన్ పెట్టారు. అప్పట్లో చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ 1860ల్లో నాయుడుపేట వైపు మొదలై తర్వాత తిరుపతి, కాళహస్తి ప్రాంతాలకు విస్తరించింది.

అప్పటి ఊళ్లలో ఎవరితో కలిసి తింటారన్నదే మనిషి విలువను తేల్చేది. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని కుటుంబాలెన్నో. తెలుగునాట చర్చిల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది ఆ కుటుంబాలవాళ్లే. ఒకే రొట్టె విరిచి, ఒకే పాత్రలోంచి తాగే ఆచారం వాళ్లకు ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. 'తిండి కోసం మతం మారారు' అన్న మాట ఆనాడూ ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ ఆ నింద తెలిసినవాడే. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగా ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ సాయం నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు అడిగింది అన్నం ఒక్కటే అయితే, కరువు తీరాక రావాల్సిన పనేముంది? పంక్తిలో చోటు అడిగారు.

ఆ చోటు పూర్తిగా దొరికిందా అంటే అవునని చెప్పడం కష్టం. దక్షిణాదిలో కొన్నిచోట్ల చర్చి బెంచీల్లోనూ సమాధుల తోటల్లోనూ కులం గోడలు లేచాయి. గుర్తు మారినంత సులువుగా మనిషి మారడు.

అయినా పాకాల నుంచి వెళ్లే రెండు రైలు దారులు ఇంకో సంగతి కూడా చెబుతాయి. కాట్పాడి దారిలో వెళ్తే వేలూరు. స్కడ్డర్ల తర్వాతి తరానికి చెందిన ఐడా స్కడ్డర్ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇప్పుడు సీఎంసీ ఆసుపత్రి. ధర్మవరం దారిలో మదనపల్లె రోడ్ స్టేషన్‌లో దిగి మదనపల్లె వైపు వెళ్తే ఆరోగ్యవరం. క్షయ అంటే ఇంట్లోవాళ్లే దూరంగా పెట్టే రోజుల్లో, 1915లో పలు మిషన్లు కలిసి అక్కడ శానిటోరియం తెరిచాయి. తొలి సూపరింటెండెంట్ డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఒకప్పుడు బడి పిల్లలు పైసలిచ్చి కొన్న టీబీ సీళ్ల మీద రెండు అడ్డగీతల సిలువ ఉండేది, గుర్తుందా? 1902లో బెర్లిన్‌లో జరిగిన సమావేశంలో క్షయ మీద పోరాటానికి ఎంచుకున్న గుర్తు అది. శిక్షకు వాడిన కొయ్య చివరికి దగ్గుతూ వచ్చిన మనిషికి మంచం చూపించే గుర్తయింది.

గుర్తుకు విలువ గీతల్లో లేదు. లిసినియా సమాధి మీది చేప, అబెర్కియస్ తిన్న చేప, పిల్లాడి సద్దిమూటలో చేప... మూడూ చెప్పేది, పక్కన కూర్చున్నవాడు మనవాడేనని. ఆటో వెనక స్టిక్కర్ చూసి డ్రైవర్ మతం ఏమిటో ఎవరైనా చెప్పేస్తారు. ఆ గుర్తు మొదట గీసినవాళ్లకు కావలసింది మతం పేరు కాదు. ఆకలేస్తే తలుపు తీసే ఇల్లు. జిలేబీ చేపల పులుసులో మామిడికాయ ముక్కలేసి, పొయ్యి మీంచి దించిన సంగటి ముద్ద పక్కన పెట్టి 'తినిపోదువు గానీ కూర్చో నాయనా' అనే ఇల్లు ఏ ఊళ్లో ఉన్నా, వాళ్లు దాన్ని గుర్తుపట్టి ఉండేవాళ్లు.

ఇలా వెళ్లొచ్చు

పాకాల: తిరుపతి నుంచి సుమారు 40 కిలోమీటర్లు. 2022 జిల్లాల పునర్విభజన తర్వాత తిరుపతి జిల్లాలో ఉంది. తిరుపతి-కాట్పాడి మార్గంలో రైళ్లు, తిరుపతి, చిత్తూరుల నుంచి బస్సులు ఉన్నాయి. మామిడి కాలంలో వెళ్తే దామలచెరువు మార్కెట్ చూడొచ్చు. కాణిపాకం వినాయకుడి గుడీ దగ్గరే.

నాగలాపురం: తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా రోడ్డు మార్గం. సూర్యపూజ చూడాలంటే మార్చిలో వెళ్లాలి. తేదీలు ముందుగా కనుక్కోవడం మంచిది.

రోమ్: సెయింట్ కాలిస్టస్ కాటకోంబ్ లోపలికి గైడ్ వెంట మాత్రమే పంపిస్తారు, ఫొటోలు తీయనివ్వరు. వేసవిలోనూ లోపల చల్లగా ఉంటుంది, శాలువా దగ్గర పెట్టుకోవాలి.